నేరేడమ్మ శవాసనం

ఒక పెద్ద అడవిలో ఆడజంతువులు పిల్లల్ని మోసేవి, మగజంతువులు బాధ్యతల్ని మోసేవి. ఆ బాధ్యతలేమిటో ఎవరూ చూడలేదు. వాటికి బరువుండదు, ఆకలి వెయ్యదు, మోస్తున్నవాడి మెడ మీద ఉచ్చ పొయ్యవు.

నేరేడమ్మ అనే ఎలుగుబంటికి ఇద్దరు పిల్లలు. ఎలుగు పిల్లలు తొమ్మిది నెలలు నిండేదాకా తల్లి వీపు దిగరు. వీళ్ళకి ఎనిమిదో నెల నడుస్తోంది. పుట్ట తవ్వి చెదలు తినాలన్నా, వాగు దాటాలన్నా వీపు మీద ఇద్దరూ ఉండాల్సిందే. పిల్లవాడు జుట్టు పీకుతాడు, పిల్ల చెవి కొరుకుతుంది.

వానలు వెనకబట్టేసరికి నేరేడమ్మ వెనక్కాళ్ళ మీద నిలబడలేకపోయింది. లేవబోతే నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుండేది. ఎలుగుబంటి అన్నాక నిలబడాలి. పైకొమ్మన తేనెపట్టు అందుకోవాలన్నా, ఎదురొచ్చినవాణ్ణి హడలగొట్టాలన్నా నిలబడాలి. నాలుగు కాళ్ళ మీదే ఉండిపోతే అది ఎలుగుబంటి కాదు, బొచ్చున్న బల్ల.

"కాసేపు పిల్లల్ని పట్టుకోవయ్యా" అంది మొగుడు ఇప్పయ్యతో.

ఇప్పచెట్టు కింద రాలిన పూలు నములుతూ పడుకున్న ఇప్పయ్య ఒక కన్ను తెరిచాడు. "నాది జారుడు బొచ్చే. పడితే మళ్ళీ నన్నే అంటావు. అయినా మా అమ్మ నలుగురిని మోసింది. ఒక్కనాడన్నా నడుమందా?"

"మీ అమ్మ చచ్చేదాకా వంగే నడిచింది."

"అది వినయం" అన్నాడు ఇప్పయ్య, కన్ను మూసుకుని.

నేరేడమ్మ పిల్లల్ని వీపు మీద సర్దుకుంది. పెంకులమ్మ దగ్గరికి వెళ్ళింది. పెంకులమ్మ ఒంటినిండా పెంకులుండే అలుగు, పిల్లని తోక మీద మోస్తుంది. ఇద్దరూ కలిసి కొండముచ్చు చింతమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ పిల్ల పగలూ రాత్రీ పొట్టని కరుచుకునే ఉంటుంది. ముగ్గురూ ఒక టేకాకు మీద అర్జీ రాశారు. పిల్లల్ని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తండ్రులు మోయాలి, మధ్యాహ్నం నించి తల్లులు మోస్తారు. అంతే. కింద మూడు పంజాల గుర్తులు వేశారు.

అర్జీ అడవి సభకి వెళ్ళింది. సభాధ్యక్షుడు ఉడుము. పదకొండేళ్ళ క్రితం అధ్యక్ష శిల ఎక్కి పట్టుకున్నాడు, ఇంతవరకు వదల్లేదు. సభ్యులందరూ మగవాళ్ళే. ఇప్పయ్య కూడా సభ్యుడే. చెయ్యెత్తమన్నప్పుడు రెండు చేతులూ ఎత్తుతాడు.

ఉడుము అర్జీ చదివి, నాలుక బయటికీ లోపలికీ ఆడించాడు. "అమ్మా, తల్లి దేవతతో సమానం. ఈ మాట మేం ఏటా చెబుతూనే ఉన్నాం."

"దేవతకి కూడా నడుము నొప్పేనండీ" అంది నేరేడమ్మ.

"అక్కడికే వస్తున్నా. నీ బాధ బరువు కాదు తల్లీ, వెన్నెముక. వెన్నెముక గురించి చెప్పగలిగినవారు ఒక్కరే ఉన్నారు."

కొండచిలువ మెలికానంద స్వామిని పిలిపించారు. ఆయన ఒళ్ళంతా వెన్నెముకే. ఆ వెన్నెముక మీద ఏనాడూ ఈగ కూడా వాలలేదు, అది వేరే సంగతి.

"యోగా" అన్నాడు స్వామి, ఆ ఒక్క మాటనీ చాలాసేపు సాగదీసి. "రోజూ చేస్తే నొప్పి పోతుంది. కోపం పోతుంది. అర్జీలు పెట్టాలన్న కోరికే పోతుంది."

ఆ ఆఖరి ప్రయోజనం సభకి బాగా నచ్చింది. అక్కడికక్కడే ఆజ్ఞ రాశారు. మోసే తల్లులందరూ ఇకమీదట రోజూ సూర్యోదయంతో యోగా మొదలుపెట్టాలి. మొదటి నలభై రోజుల్లో ఒక్కరోజు తప్పినా అర్జీ కొట్టేస్తారు. నలభయ్యో రోజున సభకి వచ్చి, కలిగిన ప్రయోజనాలు స్వయంగా చెప్పాలి. ఆజ్ఞ అన్నాక నిండుగా ఉండాలి కదా అని స్వామి ఇంకో మూడు మాటలు చేర్పించాడు. అభ్యాస సమయంలో వీపు ఖాళీగా ఉండాలి. కళ్ళు మూసుకున్నవారిని ఎవరూ లేపరాదు, వారంతట వారే లేవాలి. అడ్డుపడినవారికి సభలో చోటుండదు.

ఇప్పయ్య రెండు చేతులూ ఎత్తాడు.

ఆ సాయంత్రం నాలుగు దోసిళ్ళ ఇప్పపూలు లోపలికి పోయాక, సభలో తల్లులు వెళ్ళిపోయిన తర్వాత నడిచిన మాటలన్నీ పెళ్ళానికే చెప్పి పడీ పడీ నవ్వాడు. "రెండోరోజుకే మానేస్తారన్నాడే ఉడుముగారు! తెల్లారగట్ట ఆడదానికి తీరికెక్కడిదీ అన్నాడు! మానితే అర్జీ పోతుంది, మానకపోతే నొప్పి పోతుంది, ఎటైనా మనకి పోయేదేం లేదన్నాడే! ఏం బుర్రే ఆయనది!"

నేరేడమ్మ నవ్వలేదు. ఒక్కరోజు కూడా తప్పకూడదని మాత్రం అనుకుంది.

మర్నాడు సూర్యుడు కొండ ఎక్కేసరికి తల్లులందరూ మైదానంలో ఉన్నారు, పిల్లలతో సహా.

"వీపు ఖాళీగా ఉండాలి" అన్నాడు మెలికానంద స్వామి. "పిల్లల్ని నా దగ్గర దింపండి. నేను చుట్టూ చుట్టుకుని చూసుకుంటాను."

"పోయిన నెల మీరు చూసుకున్న జింకపిల్ల ఇంకా బయటికి రాలేదు స్వామీ" అంది చింతమ్మ.

"అదిప్పుడు నాలో ఐక్యమైంది" అన్నాడు స్వామి ప్రశాంతంగా.

నేరేడమ్మ గిర్రున వెనక్కి తిరిగి ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళింది. ఇద్దరు పిల్లల్నీ మొగుడి వీపు మీదికి ఎక్కించింది.

"ఏమిటే ఇది! పొద్దున్నే!"

"వీపు ఖాళీగా ఉండాలని ఆజ్ఞ. నువ్వే చేతులెత్తావు, రెండూ."

"ఇవాళ్టికి మానెయ్యరాదూ?"

"మానేస్తాను. ఎందుకు మానావని అడుగుతారు. ఇప్పయ్యగారు అడ్డుపడ్డారని చెబుతాను. సభలో నీ చోటు ఎవరికిస్తారో మరి. అడవిపంది చాన్నాళ్ళుగా కాచుక్కూర్చున్నాడు."

ఇప్పయ్య పిల్లల కాళ్ళు గట్టిగా పట్టుకున్నాడు. "గంటేగా" అన్నాడు నీరసంగా. జారుడు బొచ్చు మీంచి ఎవరూ జారలేదు. మిగతా తల్లులూ తమ పిల్లల్ని అలాగే మొగుళ్ళకి అప్పగించి వచ్చారు.

ఆ రోజు స్వామి శవాసనం నేర్పాడు. వెల్లకిలా పడుకుని, ఒళ్ళు వదిలేసి, కళ్ళు మూసుకోవాలి. రెండో ఆసనం నేర్పేలోపు ఆయనకి జింకపిల్ల తాలూకు నిద్ర ముంచుకొచ్చింది. ఆ నిద్ర నలభై రోజులూ వదల్లేదు.

ఎనిమిది నెలల్లో మొదటిసారి నేరేడమ్మ వీపు నేలని తాకింది. గడ్డి చల్లగా తగిలింది. వీపు మీద ఉన్నది ఏమిటా అని వెతుక్కుంది, ఏమీ లేదు. ఊపిరి పీలిస్తే అది ఎక్కడా ఆగకుండా పొట్టదాకా వెళ్ళింది. ఇంత ఊపిరి తనకుందని ఆవిడకి తెలియదు.

పక్కన పెంకులమ్మ కిర్రుకిర్రుమంటూ విచ్చుకుంది. అలుగు కదా, జన్మంతా భయంతో చుట్ట చుట్టుకునే బతికింది. "అక్కా" అంది గుసగుసగా, "పైన ఇంత ఉందా?"

"అది ఆకాశమే."

"ఎప్పుడూ ఉంటుందా?"

"కళ్ళు మూసుకోవే. తెరిచుంటే ఎవరన్నా లేపుతారు."

ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. గురక మొదలైంది. గంట గడిచింది. తండ్రులు వచ్చి మైదానం అంచున నిలబడ్డారు. లేపరాదు కాబట్టి దగ్గారు, గొంతు సవరించుకున్నారు, పిల్లల్ని గిల్లి ఏడిపించారు కూడా. తల్లులు గొప్ప సాధకులు. ఎండ నడినెత్తికొచ్చి ముక్కు చుర్రుమన్నాక గానీ వారంతట వారు లేవలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

పదోరోజుకి ఇప్పయ్య మెడ మీద బొచ్చు సగం ఊడింది. ఇరవయ్యోరోజుకి ఇప్పపూల కోసం వంగితే లేవలేకపోయాడు, లేస్తే వంగలేకపోయాడు. కొండముచ్చు మొగుడు పొట్టకి కరుచుకున్న పిల్లతో కొమ్మ మీంచి కొమ్మకి దూకబోయి ముళ్ళపొదలో పడ్డాడు. "ఈ పిల్లలు రోజంతా ఇలాగే కరుచుకుని ఉంటారా?" అని పెళ్ళాన్నే అడిగాడు, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు.

నలభయ్యో రోజు సభ కూడింది. సభ్యులు ఒక్కొక్కరే నడుం పట్టుకుని, మూలుగుతూ వచ్చారు. ఉడుము ఒక్కడే నిటారుగా ఉన్నాడు. ఆయన పిల్లలు మట్టిలో పూడ్చిన గుడ్లు పగలగొట్టుకుని వాటి మానాన అవి బయటికొచ్చి పోయాయి, మోసే బాధ లేదు.

"ఊఁ, ప్రయోజనాలు చెప్పమ్మా" అన్నాడు.

నేరేడమ్మ సభ మధ్యకి వచ్చి, ముందుకాళ్ళు నేల మీంచి ఎత్తి, నెమ్మదిగా నిలబడింది. రెండు కాళ్ళ మీద, పూర్తి ఎత్తున. ముందు వరసలో ఉన్నవాళ్ళు తమకి తెలియకుండానే వెనక్కి జరిగారు.

"నొప్పి పోయిందండీ" అంది పైనుంచి. "ఊపిరి ఆడుతోంది. తేనె అందుతోంది. ఇంత మంచి ఆజ్ఞ ఇచ్చినందుకు సభకి దణ్ణం."

"చూశారా! ఇక అర్జీ..."

"ఆ అర్జీ మాకు అక్కర్లేదండీ. ఆజ్ఞ చాలు. రోజూ చేస్తేనే ఫలితమని స్వామివారే అన్నారు కదా. జన్మంతా చేసుకుంటాం."

సభలో కలకలం రేగింది. "రద్దు చెయ్యండి! ఇవాళే రద్దు చెయ్యండి!" అని సభ్యులు అరిచారు. గట్టిగా అరిస్తే నడుం పట్టేస్తోందని మళ్ళీ తగ్గారు.

ఉడుము నాలుక ఆగిపోయింది. "ఎలా రద్దు చెయ్యనయ్యా? ఆజ్ఞ తీసేస్తే అర్జీ మళ్ళీ బల్ల మీదికొస్తుంది. అందులోనూ మనకి ఇదే సగం రోజు మోత!" పదకొండేళ్ళలో మొదటిసారి ఆయనకి శిల వదిలి ఎటన్నా పోవాలనిపించింది. గోళ్ళు రాలేదు.

అప్పుడు ఇప్పయ్య కుంటుకుంటూ ముందుకొచ్చి ఒక టేకాకు అందించాడు. అర్జీ. తండ్రుల నడుములు పోతున్నాయి, కరుణించి ఏదన్నా దారి చూపించమని కోరాడు.

ఉడుము నోరు తెరిచేలోపే నేరేడమ్మ వంగి ఆకు చదివింది. మొగుడి మెడ మీద ఊడిన బొచ్చుని జాలిగా నిమిరింది.

"నీ బాధ బరువు కాదయ్యా, వెన్నెముక" అంది. "యోగా చెయ్యి. మధ్యాహ్నం నించి నీ వీపు ఖాళీయేగా."

నీతి: రోజూ యోగా చేస్తే నడుము నొప్పి తప్పకుండా పోతుంది, ఎక్కడికి పోయిందో తెలియాలంటే ఇంట్లో రెండోవాళ్ళని అడగాలి.