సూప్‌లో డీజిల్

గంజాయికి వర్ణన నేర్పినవాడు మహానుభావుడు! కాలిఫోర్నియాలోని మా హంబోల్ట్ కొండల్లో పూర్వం సరుకు గురించి ఒకే మాట ఉండేది: "ఘాటు." అదీ గొంతు తగ్గించి! ఇప్పుడు చట్టం ఒప్పుకుంది, షాపు వెలిసింది, కవిత్వం పుట్టింది. ఇంతకంటే అభివృద్ధి ఏం కావాలి?

మా పక్కింటి డెల్విన్ ఆ షాపులో అమ్మకందారు. 'సన్నీ రిడ్జ్' అనే గంజాయి రకం సీసా మూత తీసి, కళ్లు మూసుకుని మొదలుపెట్టేవాడు. "లేతాకుపచ్చ మొగ్గ చూడండి. నారింజరంగు నూగు, పైన పంచదార అద్దినట్టు మెరుపు! ముక్కుకి ముందు నిమ్మతొక్క, వెనకాల పైన్ చెట్టు. నాలుక మీద మిరియం. చివర్లో సన్నగా డీజిల్!" జనం పరవశించిపోయేవారు. డీజిల్ వాసనంటే ఇక్కడి గంజాయికి బిరుదు మరి!

ఇంతటి విద్యను షాపులోనే వదిలి రావడం న్యాయమా?

ఒకరోజు అతని భార్య నోరీన్, చనిపోయిన తల్లిని తలుచుకుని, ఆవిడ చేసే సాల్మన్ సూప్ మొదటిసారి కాచింది. గిన్నె ముందు పెట్టి, "ఎలా ఉంది?" అంది.

డెల్విన్ కళ్లు మూసుకున్నాడు. "ముందు నిమ్మ... తర్వాత తడిమట్టి... చివర్లో సన్నగా డీజిల్."

"డీజిలా? మా అమ్మ సూప్‌లో డీజిలా?"

"పొగడ్తే నోరీన్! మా షాపులో డీజిలంటే ఎగబడతారు!"

"అయితే వెళ్లి ఆ షాపులోనే తిను!"

ఆమె యురేకా పట్నంలోని చెల్లెలింటికి వెళ్లిపోయింది. డెల్విన్ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు పత్రికలో రాస్తావుగా, బాబ్బాబు, నాలుగు మంచి మాటలు చెప్పు!" అన్నాడు. ఆ సూప్‌ని రెడ్‌వుడ్ అడవిలో పొగమంచుతో పోలుస్తూ అద్భుతమైన క్షమాపణ రాసిచ్చాను. అతను ఫోన్‌లో చదివితే, రెండో వాక్యం దగ్గరే ఆమె పెట్టేసింది. పామరురాలు!

చివరికి అతను నోరుమూసుకుని యురేకా వెళ్లాడు. నోరీన్ అదే సూప్ గిన్నెడు తెచ్చి ముందు పడేసింది. అతను తలెత్తకుండా తాగాడు. గిన్నె ఆమె వైపు జరిపి, "బాగుంది. ఇంకొంచెం పొయ్యవా?" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని గరిటె అందుకుంది. మర్నాడు ఇద్దరూ కలిసే ఇంటికొచ్చారు.

డెల్విన్‌కి 'బాగుంది' అన్న మాట రుచి తగిలింది. షాపులో 'సన్నీ రిడ్జ్' ఎలా ఉంటుందని ఎవరో అడిగితే, "బాగుంటుందండీ" అన్నాడు. యజమాని అదిరిపడి, వెంటనే అతణ్ణి పెట్టెలు మోసే పనికి మార్చేశాడు!

వర్ణనలు రాసే పని ఇప్పుడు నాకిచ్చారు. ఒప్పుకున్నాను. నా భాష మనుషుల మధ్య ఎలాగూ పనికిరాదని తేలిపోయిందిగా!