అగాధప్రభువు పరుపుల దుకాణానికి వచ్చిన రోజు

బుధవారం పొద్దున, మెరుపు అని పేరు పడ్డ మనవాడు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ ఒక గట్టి నిర్ణయానికి వచ్చాడు. ఈ వారం తనని ఎవరు పలకరించినా సరే, మనసు పెట్టి, మర్యాదగా, బరువైన జవాబే చెప్పాలి. పాలవాడైనా, పక్కింటావిడైనా, దారిలో అడ్రసు అడిగే మనిషైనా ఒకటే. ఎందుకంటే వాళ్లలో ఎవరో ఒకరు సముద్రం అడుగున పడుకుని ఉండే అగాధప్రభువు కావచ్చు.

కంగారు పడకండి, మనవాడికి మతి చెడలేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం అక్కావాళ్లింట్లో భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతారు. బావ కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు ఆ కథలో తలో వేషం వేసుకుని, పాచికలు విసిరి, రాక్షసులతో తలపడతారు. అక్క కత్తి పట్టిన వీరనారి. అక్క స్నేహితురాలు, బయట ఫిజియోథెరపిస్టు, ఆటలో గజదొంగ. మనవాడు వార్లాక్. అంటే సొంతంగా ఏ విద్యా లేని మాంత్రికుడన్నమాట. ఏదో ఒక మహాశక్తితో ఒప్పందం కుదుర్చుకుని, అది ఇచ్చిన బలంతో బతికే రకం. ఇతనికి ఆ బలం ఇచ్చేది అగాధప్రభువు. తన వంతు వచ్చిన ప్రతిసారీ ఇతను "మెరుపు విసురుతాను" అని తప్ప మరో ముక్క అనడు కాబట్టి అందరూ ఆ పేరే ఖాయం చేశారు.

పోయిన శనివారం బావకి విసుగు పుట్టింది.

"నీ ప్రభువుని నువ్వు కరెంటు స్విచ్చులా వాడుకుంటున్నావయ్యా. వెయ్యగానే వెలగాలి, అంతే. ఆయనెవరు, ఎలా ఉన్నాడు, ఆయనకేం కావాలి, ఒక్కసారైనా అడిగావా? ఈ వారంలో ఆయనే నిన్ను పలకరిస్తాడు. ఎవరి నోట పలకరిస్తాడో చెప్పను. నువ్వు గుర్తుపట్టి సరిగ్గా మాట్లాడావా, సరే సరి. లేదా, శనివారం నుంచి నీకు శక్తులుండవు. మా మూటలు మోసుకుంటూ వెనకాల నడువు."

మెరుపు నవ్వేశాడు గానీ, ఆ మాట అతన్ని వదల్లేదు. వారమంతా పరుపుల దుకాణంలో అతని పని పరుపులు తిప్పడం. ఆ పరుపు ఇటు తిప్పు, ఈ పరుపు అటు లాగు అనేవాళ్లే తప్ప అతని ముఖం వంక చూసి మాట్లాడేవాళ్లు లేరు. శనివారం మాత్రం అతను చెయ్యెత్తితే పిడుగు పడేది. ఆ ఒక్క మధ్యాహ్నం కోసమే అతను మిగతా వారమంతా నోరు మెదపకుండా పరుపులు తిప్పేవాడు. అక్కడ కూడా మూటలు మొయ్యమంటే ఇక బతుకెందుకు?

ఆ రోజు మధ్యాహ్నం మేనేజరమ్మ అతనికి దుకాణం అప్పజెప్పి బ్యాంకుకి వెళ్లింది. బయట వాన దంచికొడుతోంది. తలుపు తోసుకుని ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. ఆరడుగుల మనిషి, తెల్లటి గడ్డం, కోటు అంచుల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ధరలు చూడలేదు, మాట అడగలేదు. తిన్నగా వెళ్లి, తడిసిన కోటు తీసి పక్కన పడేసి, దుకాణంలోకెల్లా పెద్ద పరుపు మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

"నిద్రపోయి ఎన్నాళ్లయిందో బాబూ," అన్నాడు నీరసంగా. "పైన ఒకటే గోల."

మెరుపు లెక్క వేసుకున్నాడు. నీళ్లోడుతూ రావడం, వచ్చీరాగానే పడుకోవడం, పైన గోల అనడం. ఇంకా ఏం గుర్తులు కావాలి? బావ ఎంత పనిమంతుడు, మనిషిని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడో అనుకున్నాడు. స్ప్రింగుల గురించీ దూది గురించీ రోజూ చెప్పే మాటలు అలవాటు కొద్దీ గొంతుదాకా వచ్చాయి. వాటిని మింగేసి పరుపు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ప్రభూ, ఇన్నాళ్లూ మీ దగ్గర తీసుకోవడమే తప్ప మీ బాగు అడగలేదు. తప్పు నాదే. ఇవాళ అడుగుతున్నాను. మీకేం కావాలి?"

పెద్దాయన ఒక కన్ను తెరిచి చూశాడు. దుకాణాల్లో ఆయన్ని సార్ అన్నవాళ్లున్నారు గానీ ప్రభూ అన్నవాడు లేడు. అయినా, ఏం కావాలని ఎవరైనా అడిగి ఎంతకాలమైందో, ఆ మాట ఆయనకి హాయిగా తగిలింది. ఆ మోగుతున్న పాట ఆపమన్నాడు. మెరుపు ఆపాడు. లైట్లు కళ్లలో పొడుస్తున్నాయన్నాడు. మెరుపు ఆర్పాడు. బయటి రోడ్డు చప్పుడు కూడా లేకపోతే ఎంత బాగుండునో అన్నాడు. మెరుపు వెళ్లి లోపల్నుంచి షట్టర్ దించేశాడు. వెనక్కి వచ్చేసరికి ఆయన గుర్రు పెడుతున్నాడు.

ఆయన వచ్చారు, కోరినవన్నీ ఇచ్చి పడుకోబెట్టానని బావకి మెసేజ్ పెట్టాడు. బావ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతాడు. పక్కన కొత్తవాడు స్టీరింగ్ పట్టుకుని గజగజలాడుతుంటే మెసేజ్ చదివే తీరిక ఎవడికుంటుంది? చదవకుండానే బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు. ఆ బొటనవేలు చూసుకుని మెరుపు పొంగిపోయాడు.

అంతలో అక్క ఫోన్ చేసింది.

"ఏరా, ఎప్పుడూ నా దగ్గర తీసుకుని పోవడమేనా? నేనెలా ఉన్నానని ఒక్కసారి అడగాలనిపించదా నీకు?"

"అక్కా, పెద్దాయన ముందున్నాను. ప్రాణం మీదికి వచ్చిన పని. మళ్లీ మాట్లాడతా," అని గుసగుసగా చెప్పి పెట్టేశాడు. ఆవిడ మళ్లీ చేసింది. ఈసారి ఫోనే ఆపేశాడు.

ఇక బయటి సంగతి. పట్టపగలు షట్టర్ పడేసరికి పక్కనున్న చెప్పుల దుకాణం ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి. పరుపుల దుకాణం ఎత్తేస్తున్నట్టున్నారని తన దగ్గరకొచ్చిన ఒకావిడతో అన్నాడు. ఎత్తేసేవాళ్లు సరుకు సగం ధరకి ఇస్తారు కదా అని ఆవిడ వాళ్ల చెల్లెలికి ఫోన్ చేసింది. వాన వెలిసేసరికి షట్టర్ ముందు పెద్ద వరస తయారైంది. మొదట మర్యాదగా తట్టారు. తర్వాత దబదబా బాదారు.

మెరుపు షట్టర్ జానెడు పైకెత్తి, నేల మీద బోర్లా పడుకుని, ఆ సందులోంచి బతిమాలాడు.

"చప్పుడు చెయ్యకండి, మీకు దండం పెడతాను. ఆయన లేచాడంటే నా పని అయిపోతుంది."

లోపలున్నదెవరో గానీ మామూలు మనిషి కాదని జనానికి తెలిసిపోయింది. ముందున్నవాళ్లు ఒకడుగు వెనక్కి వేశారు, వెనకున్నవాళ్లు వింత చూడటానికి ముందుకి తోశారు. కత్తి పట్టుకున్నాడని ఒకరు, కాదు కుర్రాణ్ణి కట్టేశాడని ఒకరు చిలవలు పలవలు అల్లారు. బ్యాంకు నుంచి తిరిగొచ్చిన మేనేజరమ్మకి ఈ కబుర్లన్నీ ఒకేసారి అందాయి. ఆవిడ భయపడే రకం కాదు. నడుం వంచి సందులోకి చూసి, తలుపు తియ్యకపోతే రేపట్నుంచి రావద్దంది.

మెరుపు మెట్టు దిగలేదు. "మాటిచ్చానండి. ఆయన లేచేదాకా తియ్యను," అన్నాడు.

సరిగ్గా అప్పుడు ఒకావిడ పరుగు పరుగున వచ్చి, తెల్ల గడ్డంతో పొడుగ్గా ఉండే ముసలాయన ఎవరైనా ఇటు వచ్చాడా అని అందరినీ అడగసాగింది. వాళ్ల నాన్నట. పై అంతస్తులో గోడలు పగలగొట్టి కడుతుంటే రోజుల తరబడి కంటి మీద కునుకు లేక, చిరాకేసి ఇంట్లోంచి వచ్చేశాడట. ఆవిడ కూడా నేల మీద పడుకుని సందులోంచి లోపలికి చూసింది, ఆ గురక విన్నది. లేచి, షట్టర్‌కి వీపు ఆనించి నిలబడి, వేలు పెదాల మీద పెట్టుకుని జనం వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి వరస మొత్తం మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయింది. మేనేజరమ్మ తిట్లన్నీ గుసగుసల్లోనే తిట్టాల్సి వచ్చింది.

సాయంత్రానికి పెద్దాయన ఒళ్లు విరుచుకుని లేచాడు. కొత్తది వద్దు, తను పడుకున్న ఆ పరుపే కావాలన్నాడు. అది దుకాణంలోకెల్లా ఖరీదైనది. మేనేజరమ్మ బిల్లు రాస్తూ, రేపు తొందరగా రమ్మని మాత్రం మెరుపుతో అంది.

శనివారం మెరుపు అక్కావాళ్లింటికి ఛాతీ విరుచుకుని వెళ్లాడు. జరిగిందంతా వర్ణించి వర్ణించి చెప్పి, ఆ పెద్దాయన్ని ఎక్కడ పట్టుకొచ్చావని బావని అడిగాడు. బావ నోరు వెళ్లబెట్టాడు.

"ఏ పెద్దాయన? నేనెవర్నీ పంపలేదు. నీ ప్రభువు బుధవారం నీకు ఫోన్ చేసింది. నువ్వు పెట్టేశావట."

మెరుపు తల తిప్పి చూశాడు. బల్లకి అవతల అక్క చేతులు కట్టుకుని కూర్చుంది. అప్పుడు అర్థమైంది అతనికి. ఊరూ పేరూ తెలియని మనిషి ముందు మోకరిల్లాడు, ప్రభువు ముఖం మీద ఫోన్ ఆపేశాడు. బావ అప్పటికే మూటలు మోసే మనిషి బొమ్మ ఒకటి తీసి అతని ముందుకి జరుపుతున్నాడు.

మెరుపు దాన్ని ముట్టుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి, లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్లి, పరుపు పక్కన కూర్చున్నట్టే అక్క కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, నీకేం కావాలి?"

"అక్క అనకూడదు, ప్రభూ అనాలి," అని బావ సరిదిద్దబోయాడు.

"ఉండండి. అక్కనే అడగనివ్వండి," అంది ఆవిడ. కట్టుకున్న చేతులు విప్పింది. "నా వంతు వచ్చేసరికి నేనెప్పుడూ వంటింట్లోనే ఉంటానురా. నా పాచికలు మీ బావ వేస్తాడు. నా వీరనారికి ఎన్ని దెబ్బలు తగిలాయో, ఎవర్ని గెలిచిందో మీరు చెబితేనే నాకు తెలుస్తుంది. ఒక్క శనివారం మొదట్నుంచి చివరిదాకా ఈ కుర్చీలో కూర్చుని నా కత్తి నేను తిప్పాలనుంది."

బావ తల దించుకుని పాచికలు సర్దసాగాడు. మెరుపుకి కళ్లు చెమర్చాయి. ఇన్ని శనివారాలు ఆ చేతి టీ తాగాడు, కప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక్కసారీ చూడలేదు. ఒప్పందం ఒప్పుకున్నానని అందరి ముందూ గట్టిగా చెప్పాడు. అగాధప్రభువు శాంతించాడనీ, పాత శక్తులతో పాటు సముద్రాన్నే ఆకాశానికి లేపే కొత్త శక్తి కూడా ప్రసాదించాడనీ బావ ప్రకటించాడు.

ఆ మధ్యాహ్నం సముద్రం ఆకాశాన్ని అంటిందట. ఆ సమయానికి మెరుపు వంటింట్లో టీ వడగడుతున్నాడు.