గరువులంకలో సున్నా ఫిర్యాదులు

ప్రజలకీ తనకీ మధ్య ఇకమీదట మనిషన్నవాడు ఉండడనీ, ఉంటే ఒక్క ఫోనే ఉంటుందనీ ఎమ్మెల్యే భీమరాజు గారు పార్టీ ఆఫీసులో ప్రకటించినప్పుడు విలేకరులు టీ తాగడం కూడా ఆపేసి చప్పట్లు కొట్టారు. కార్యక్రమం పేరు ‘పలకరింపు’. ప్రతి ఎమ్మెల్యే తన నియోజకవర్గంలో అన్నిటికంటే వెనకబడిన ఊళ్లో ఏడు రోజులు మకాం వేస్తాడు. రోజూ పది నుంచి ఒంటిగంట దాకా పార్టీ యాప్‌లో లైవ్‌లో కూర్చుంటాడు. ఎవరైనా సరే నేరుగా ఫోన్ చేసి కష్టం చెప్పుకోవచ్చు. రాజధానిలో గోడంత స్క్రీను మీద ఎమ్మెల్యేకి ఒక గడి చొప్పున ఉంటుంది. గడిలో పైన లైవ్ నిమిషాలు, కింద ఫిర్యాదుల సంఖ్య.

“తమరు ఏ ఊరు తీసుకున్నారండి?” అనడిగాడో విలేకరి.

“గరువులంక.”

“అక్కడికి పంటు మీద గోదారి దాటాలి కదండీ!”

“దాటుతాను. సిగ్నల్ వెళ్లని చోటికి కూడా భీమరాజు వెళ్తాడు.”

మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు. చదివినవాళ్లంతా రెండో సగాన్ని మెచ్చుకున్నారు. మొదటి సగాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ప్రకటన విని దిగాలుపడ్డవాడు ఒక్కడే, పీఏ త్రిమూర్తులు. పదకొండేళ్లుగా రాజు గారి ఫోన్ మోస్తున్నది అతనే. “సారు మీటింగులో ఉన్నారండి” అన్న మాటని పదిహేను రకాలుగా, ఎదుటివాడి హోదాని బట్టి అనగలడు. చావు ఇంటినుంచి చేసినవాడికి ఒకలా, కాంట్రాక్టరుకి ఇంకోలా. ఇప్పుడు రాజు గారే ఫోన్ ఎత్తితే తన బతుకేం కావాలి? అయినా పార్టీ ఆజ్ఞ కనక సామాను సర్దాడు. ‘ఒకే నాయకుడు, ఒకే నంబరు’ అన్నది రూలు. అందుకని రాజు గారి రెండో ఫోన్ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేయించారు.

మొదటి రోజు పదింటికి లంక రేవు పక్కన షామియానా కింద రాజు గారు కూర్చున్నారు. ఎదురుగా స్టాండు మీద ఫోన్. పక్కన ఫిర్యాదులు రాసుకోడానికి రెండు వందల పేజీల నోటుబుక్కుతో, మూడు పెన్నులతో త్రిమూర్తులు. రాజు గారు చేతులు జోడించి లైవ్ నొక్కారు. స్క్రీను మీద చిన్న చక్రం ఒకటి తిరగడం మొదలెట్టింది.

పదిన్నరయింది. పదకొండయింది. ఒక్క ఫోనూ మోగలేదు.

“ఏమయ్యా, ఫోన్ పనిచేస్తోందా?” అన్నారు రాజు గారు, నవ్వు చెదరకుండా.

“బ్రహ్మాండంగా పనిచేస్తోందండి. లైవ్ వెళ్తోంది కదండి.”

“మరి జనం?”

“మొహమాటపడుతున్నారేమోనండి.”

ఒంటిగంటకి లైవ్ ఆపారు. ఆపిన అర నిమిషానికి ఫోన్ మోగింది. పార్టీ ప్రధాన కార్యదర్శి సురేంద్ర గారు.

“రాజు గారూ, చంపేశారండీ! మూడు గంటలు జోడించిన చేతులు దించలేదు. రెప్ప కూడా వెయ్యలేదు. ఇక్కడ మన పార్టీ పెద్దాయన లేచి నిలబడి చూశారు. పైగా ఫిర్యాదులు సున్నా! మెట్టవైపు మనవాడొకడికి మూడు వందల పన్నెండు వచ్చాయి. వాడు నీళ్లు తాగుతూ దొరికిపోయాడు కూడా.”

రాజు గారు ఈ మూడు గంటల్లో రెండు కొబ్బరిబోండాలు తాగారు, ఒకసారి లోపలికెళ్లి వచ్చారు, కాసేపు కునుకు తీశారు. లంకలోని నెట్టుకి మొదటి నమస్కారాన్ని రాజధాని దాకా మోసుకెళ్లే ఓపికే ఉంది. తర్వాతవి మొయ్యలేక దాన్నే అక్కడ నిలబెట్టేసింది. ఆ సంగతి సురేంద్ర గారికి చెప్పాలని రాజు గారికి తోచలేదు.

ఆ తర్వాత ఫోన్ వరసగా మోగుతూనే ఉంది. అన్నిటికీ త్రిమూర్తులు ఒకటే సమాధానం చెప్పాడు. “ఒంటిగంట దాటిపోయిందండి. ఇప్పుడు చెబితే యాప్‌లో ఎక్కదు. రేపు పదింటికి చెయ్యండి.” పాత ఉద్యోగం తిరిగొచ్చినట్టు అతనికి ప్రాణం కాస్త కుదుటపడింది.

రెండో రోజూ సున్నాయే. మూడో రోజు పేపర్లో రాజు గారి ఫొటో కింద ‘సమస్యలు లేని నియోజకవర్గం’ అని పడింది. పక్క జిల్లానుంచి ముగ్గురు ఆఫీసర్లు అధ్యయనానికొచ్చి, రేవులో పులస దొరుకుతుందేమో కూడా అధ్యయనం చేసి వెళ్లారు.

ఆ రోజే పదకొండు గంటలకి నూకరత్నం వచ్చింది. లంకలో గట్టు చివర ఇల్లు. మొగుడు అమ్మిరాజు వేటకెళ్తే ఆమె చేపల గంప ఎత్తుకుని పంటు దాటి పాలకొల్లు మార్కెట్టుకి పోతుంది. గంప దించి, చెంగుతో మొహం తుడుచుకుంది.

“నలభై మూడుసార్లు చేశానండి. ఒకావిడ ఎత్తి, మీరు అందుబాటులో లేరంటోందండి.”

రాజు గారు ఉలిక్కిపడ్డారు. “ఎవరయ్యా ఆవిడ? మన ఆఫీసులో ఆడవాళ్లెవరూ లేరే!”

“కంపెనీ ఆవిడండి,” అన్నాడు త్రిమూర్తులు.

“మా ఇంటెనక గట్టు కోసేస్తోందండి,” అంది నూకరత్నం. “నెల్లో మూడు కొబ్బరిచెట్లు గోదాట్లోకి పోయాయండి. వంటింటి గోడకీ నీళ్లకీ నాలుగడుగులు ఉందండి. కాసిని ఇసుక బస్తాలు వేయించండి, తమకి పుణ్యం ఉంటది.”

రాజు గారు కెమెరా వైపు జోడించిన చేతులు దించకుండానే ఆమెకి జవాబిచ్చారు. “అమ్మా, కార్యక్రమం ఫోన్లో పలకరింపు. ఎదురుగా వచ్చి చెబితే యాప్‌లో ఎక్కదు. యాప్‌లో ఎక్కకపోతే ఇరిగేషనోళ్లు కదలరు. ఫోన్ చెయ్యి.”

“ఇక్కణ్ణుంచా అండి?”

“ఎక్కణ్ణుంచైనా చెయ్యొచ్చు. అదే దీని గొప్పతనం.”

నూకరత్నం రెండు బారల దూరంలో నిలబడి ఫోన్ చేసింది. స్పీకర్లో కంపెనీ ఆవిడ మర్యాదగా రాజు గారు అందుబాటులో లేరని చెప్పింది. రాజు గారు ఆ మాట శ్రద్ధగా విన్నారు. ఎదురుగా ఆయన ఫోన్ మాత్రం మోగలేదు.

“చూశావా? లోపం నీ ఫోన్‌లో ఉంది. బాగు చేయించుకుని రా.”

ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. త్రిమూర్తులుకి మాత్రం అనుమానం పట్టుకుంది. ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు అశ్వినిని పక్కకి పిలిచి అడిగాడు.

“సారు ఫోన్ మీద E అని కనిపిస్తోంది చూడండి,” అందామె. “ఇక్కడున్నది పాత టవరండి. నెట్టు నడుస్తున్నంతసేపూ కాల్ లోపలికి రాదు. సందు ఒకటే, పోవాల్సినవి రెండండి. సారు మూడు గంటలూ లైవ్ పెడితే మూడు గంటలూ కాల్స్ రావు.”

“మరి మూడు రోజులుగా చెప్పలేదేం తల్లీ?”

“ఫోన్ చేశానండి సారుకి. కలవలేదు.”

నాలుగో రోజు పదకొండుంపావుకి, రాజు గారు బోండాం తాగుతుండగా, త్రిమూర్తులు స్టాండు దగ్గరికెళ్లి గుట్టుగా నెట్టు ఆపాడు. అంతే, ఫోన్ తాటాకు టపాకాయల్లా మోగడం మొదలెట్టింది. ఒకటి ఆగకముందే ఇంకోటి. నాలుగోది సురేంద్ర గారిది. రాజు గారు పరుగున వచ్చి అందుకున్నారు.

“లైవ్ ఆగిందేంటండీ? మీ గడి ఎర్రబడిపోయింది! పెద్దాయన చూస్తున్నారు!”

రాజు గారు వెంటనే మళ్లీ నెట్టు పెట్టేశారు. రేవంతా ప్రశాంతమైపోయింది. ఎత్తని కాల్ ఫిర్యాదు కిందకి రాదు కనక సున్నా చెక్కుచెదరలేదు.

ఆ సాయంత్రం త్రిమూర్తులు జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాజు గారు సాంతం విన్నారు.

“అంటే జనం ఫోన్ చేస్తున్నారంటావా?”

“ఆయ్. చేస్తున్నారండి.”

“నెట్టు ఆపితే వస్తాయి?”

“వస్తాయండి.”

“ఆపకపోతే?”

“రావండి.”

రాజు గారు గోదారి వైపు తిరిగారు. ఆ మొహంలో అంత తృప్తి త్రిమూర్తులు ఎన్నికల లెక్కింపు రోజున కూడా చూడలేదు.

“మరి ఆపడం దేనికయ్యా? ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?”

“అశ్వినికండి.”

మర్నాడు పొద్దున్నే అశ్వినికి సాంకేతిక ప్రతిభని గుర్తిస్తూ రాజమండ్రిలో పది రోజుల శిక్షణకి ఆర్డరొచ్చింది.

అయిదో రోజు త్రిమూర్తులుకి అన్నం సహించలేదు. పదకొండేళ్లుగా తను చేసిన పని ఆ పాత టవరు అంతకంటే మర్యాదగా చేసేస్తోంది. కానీ తను కాదన్నప్పుడు ఎదుటివాడి గొంతు వినపడేది. ‘పోనీ రేపు చెయ్యమంటారా బాబూ’ అనేవాడు. ఆ మాట చెవిలో పడ్డాక ఒక్కోసారి తనే రాజు గారికి చెప్పి పని చేయించేవాడు. ఇప్పుడా గొంతు కూడా ఎవరికీ వినపడదు.

కాళ్లు వాటంతటవే గట్టు చివరికి తీసుకెళ్లాయి. నూకరత్నం వంటింట్లో నేల మీద చెయ్యి పట్టేంత పగులు. ఆమె పొయ్యి ముందుగదిలోకి మార్చుకుని చేపలు శుభ్రం చేసుకుంటోంది.

“మా ఫోన్ బానే ఉందంట బాబూ. కొట్లో చూపించాను,” అంది.

త్రిమూర్తులు జేబులోంచి తన డబ్బా ఫోన్ తీశాడు. “ఇది నా నంబరు. ఇందులో నెట్టూ గిట్టూ లేదు. ఎప్పుడు చేసినా మోగుద్ది.”

“చేస్తే ఏం చేస్తారు బాబూ తమరు?”

అతను అక్కడికక్కడే నిలబడి ఇరిగేషన్ ఆఫీసుకి తనే ఫోన్ చేశాడు. యాప్‌లో ఎక్కించి నంబరు చెప్పమన్నారు.

ఏడో రోజు పదకొండున్నరకి డబ్బా ఫోన్ మోగింది.

“బాబూ, గోడ కదిలిపోతందండి! మా ఆయన వేటలో ఉన్నాడండి!”

రాజు గారు చేతులు జోడించి కూర్చుని ఉన్నారు. చెప్పి లాభం లేదు. పదకొండేళ్లలో మొదటిసారి త్రిమూర్తులు అడక్కుండా కుర్చీలోంచి లేచాడు. తోవలో రేవులో ఉన్న నలుగురిని కేకేసుకుని పరిగెత్తాడు.

వంటిల్లు అప్పటికే నీళ్లవైపు ఒరిగిపోయింది. గ్యాసుబండ, వలలు, బియ్యం డబ్బా, పెళ్లినాటి ఫొటో బయటికి చేరేశారు. ఇక బీరువా మిగిలింది. ఒక కొస త్రిమూర్తులు, ఇంకో కొస ఇద్దరు జాలర్లు పట్టారు. గడప దాటుతుండగా చొక్కా జేబులో ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. “ఎత్తండి బాబూ, ఏం అవసరమో!” అంది నూకరత్నం. “ముందు దీన్నెత్తనీ తల్లీ,” అన్నాడు. మూడోసారి కూడా మోగి ఆగింది.

వాళ్లు బీరువా దించిన కాసేపటికి వంటిల్లు పోయింది, దాని వెనకే ముందుగది. రేకులు కాసేపు తేలి మునిగాయి. మనుషులెవరికీ ఏం కాలేదు. నూకరత్నం బీరువాకి ఆనుకుని కూర్చుని, ఏడవడం కూడా మర్చిపోయి నీళ్లకేసి చూస్తోంది. త్రిమూర్తులు ఫోన్ తీసి చూశాడు. మూడూ రాజధాని నుంచే.

ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకి షామియానాలో రాజు గారి ఫోన్ మోగింది.

“పొద్దున్నుంచీ ఎక్కడ చచ్చారండీ!” సురేంద్ర గారి గొంతు బయటికి వినపడుతోంది. “మంత్రివర్గంలో ఒక్క ఖాళీ. పేర్లు రెండు. మీది మొదటిది. పన్నెండు లోగా సరేనంటే సాయంత్రం ప్రమాణ స్వీకారం. మీకు పదకొండుసార్లు చేశాం, మీ పీఏకి మూడుసార్లు చేశాం. రెండో పేరు సురేష్‌బాబు గారిది, ఆయన మొదటి రింగుకే ఎత్తారు.”

“సురేష్‌బాబుకి నాలుగు వేల ఫిర్యాదులొచ్చాయి కదండీ!”

“వస్తే వచ్చాయి. మనిషి దొరికాడండీ.”

ఫోన్ పెట్టేసి రాజు గారు త్రిమూర్తులు వైపు తిరిగారు. “నీక్కూడా చేశారంటయ్యా. ఏం చేస్తున్నావు?”

“బీరువా మోస్తున్నానండి. నూకరత్నం ఇల్లు గోదాట్లోకి పోయిందండి.”

“ఫిర్యాదు ఇచ్చిందా?”

“యాప్‌లో ఎక్కలేదండి.”

“అయితే మనకి తెలీదు,” అని రాజు గారు పడుకున్నారు.

లేచాక ఆయన కొత్త మనిషి. విలేకరుల్ని పిలిపించారు. గరువులంక ప్రజల మాట బయటి ప్రపంచానికి చేరకపోవడమన్న ఘోరాన్ని ఏడు రోజులు స్వయంగా అనుభవించానని చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. కొత్త టవరు వచ్చేదాకా లంక వదలనని అక్కడే దీక్షకి కూర్చున్నారు. మంత్రి పదవి ఇవ్వలేకపోయినవాళ్లు టవరైనా ఇద్దామనుకున్నారు. దీక్ష నాలుగో రోజుకి శాంక్షనొచ్చింది.

స్థలం ఫైలుతో తహసీల్దారు యుగంధర్ గారు వచ్చారు. “గట్టు చివర అయిదు సెంట్లు ఖాళీ స్థలం ఉందండి. నూకరత్నం అనే ఆవిడ ఇంటిని ఆనుకుని.”

“ఆ ఇల్లు లేదండి, ఆ స్థలమూ లేదండి. గోదారి ఉందండి,” అన్నాడు త్రిమూర్తులు.

యుగంధర్ గారు ఫైలు తిరగేశారు. “గట్టు కోత మీద ఫిర్యాదులు సున్నా అని మీ ఆఫీసే రాసిచ్చింది కదండీ. ఫిర్యాదు లేకుండా కోత ఉండదు. కోత లేకపోతే స్థలం ఉన్నట్టే. ఇప్పుడు మార్చాలంటే మళ్లీ మొదటినుంచి రావాలి. ఏడాది పడుతుంది.”

“ముహూర్తం ఎల్లుండి,” అన్నారు రాజు గారు.

ముహూర్తం రోజున రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచారు. బంతిపూల దండలు, మైకు, పురోహితుడు, రాజు గారి పేరు పెద్దదిగా చెక్కిన శిలాఫలకం. యుగంధర్ గారు మ్యాపు చూసి చెయ్యి చాపిన చోట లంగరు వేశారు. మంత్రాలయ్యాయి. కొబ్బరికాయ పడవ అంచున కొట్టారు. నలుగురు శిలాఫలకాన్ని తాళ్లతో కట్టి నీళ్ల మీదికి ఎత్తారు. రాజు గారు దాని మీద చెయ్యి వేశారు. పంటు మీది జనం కూడా చప్పట్లు కొట్టారు.

గట్టు మీద నూకరత్నం, త్రిమూర్తులు పక్కపక్కన నిలబడి చూస్తున్నారు. రాయి మెల్లగా కిందికి దిగుతోంది.

“బాబూ,” అంది నూకరత్నం, “అక్కడ మా వంటిల్లండి. కాస్త చూసి దింపమనండి.”