కూర్మయ్య చదవని కాగితం

ఆ సోమవారం కూర్మయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే కోటబొమ్మాళి వెళ్లి, ఎరువుల కొట్లో సరుకు అయిపోకముందే రెండు బస్తాల యూరియా పట్టుకుని, ఎండెక్కేలోగా చేలో చల్లెయ్యాలి. మోటారుసైకిలు తీస్తుండగా తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు భరణి ఒక చేత్తో జడ, ఇంకో చేత్తో కాగితాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, బళ్లో ఎన్‌సీసీ కేంపు. పది రోజులు. ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం ఎట్టీ. బస్సొచ్చెస్తన్నాది."

"ఏటి రాసున్నాదమ్మా ఇందులో?"

"రూల్సు నాన్నా."

రూల్సంటే మంచివే అయ్యుంటాయనుకుని కూర్మయ్య బండి సీటు మీదే రెండు సంతకాలూ గీసేశాడు. భరణి ఒక ప్రతి తను తీసుకుని, రెండోది తండ్రి జేబులో కుక్కి బస్సెక్కేసింది.

ఎరువుల కొట్టు సీతారామారావుకి ఇంగ్లీషు బాగా వచ్చునని చుట్టుపక్కల పేరుంది. పురుగుమందు డబ్బాలు చదివి చదివి నేర్చుకున్న ఇంగ్లీషు కాబట్టి అందులో హెచ్చరికల పాలు ఎక్కువ. అందులో రూల్సేమిటో చూడమని కూర్మయ్య ఇచ్చిన కాగితం అందుకుని, ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చాడు.

"కేడెట్... రైఫిల్... ఫైరింగు. ఫైరింగంటే కాల్పులు, కూర్మయ్యా."

"ఎవుల్ని కాలుస్తారు బాబూ?"

"అది రాయలేదు. ఇదిగో, ఇక్కడ నెత్తురు ఏ గ్రూపో రాయమన్నారు. ఈ కింద, ప్రమాదం జరిగితే కబురు ఎవరికి పెట్టాలో రాయమన్నారు. నీ నెంబరే ఉంది."

కూర్మయ్య కాగితం వెనక్కి లాక్కుని తిరగేసి చూశాడు. "అంటే ఏటంతారు?"

"అనడానికేముంది? పిల్లని మిలట్రీకి రాసిచ్చేశావు. పైగా రెండు సంతకాలు."

యూరియా మాట మరిచిపోయి కూర్మయ్య ఇంటికి ఫోన్ చేశాడు. భార్య యమున చేలో కలుపు తీస్తోంది. ఫోనెత్తింది తల్లి దేముడమ్మ. ఎవరేం చెప్పినా సగం విని, మిగతా సగం తనే పూర్తిచేసుకోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

"అమ్మా, మన గుంటని మిలట్రీకి..."

"ఓలమ్మో! బోడరుకి తోలెస్తన్నారా!"

కూర్మయ్య ఇల్లు చేరేసరికి వాకిట్లో పాతికమంది ఉన్నారు. పక్కింటి గురమ్మ ముక్కు చీదుతూ, "ఏ దేశం మీదకి పంపుతున్నారో ఏటో" అంటోంది. మిలట్రీవాళ్లకి ప్రభుత్వం భూమి ఇస్తుందని ఎవరో ఓదారుస్తున్నారు. యమున కాళ్ల బురదతోనే పరిగెత్తుకొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"సదవకుండా సంతకం ఎలగెట్టేవు?"

"దాన్నడిగేను. రూల్సన్నాది."

"గొడ్డుని అమ్మినా పది మందినడుగుతావు గదా!"

ఈలోగా దేముడమ్మ ఊరుకోలేదు. టెక్కలిలో ఫ్లెక్సీలు ముద్రించే కొట్టున్న యమున తమ్ముడు రమేష్‌బాబుకి ఫోన్ చేసి, ఎలాగైనా రమ్మంది. ఆవిడ పిలిచింది ఆపడానికి. అతను విన్నది మాత్రం మేనకోడలు సరిహద్దుకి వెళుతోందనే. మేనమామ అన్నాక ఏదో ఒకటి చెయ్యాలి కదా. గంటన్నరలో పది అడుగుల ఫ్లెక్సీతో దిగి, దాన్ని ఊరి బస్టాపు దగ్గర కట్టేసి మరీ ఇంటికొచ్చాడు. యుద్ధ ట్యాంకు మీద నిలబడిన ఎవరో సైనికుడి మెడ మీద, రెండు జడల భరణి మొహం నవ్వుతోంది. కింద, "దేశ రక్షణకు బయలుదేరిన మా మేనకోడలు భరణికి జేజేలు" అని ఎర్రటి అక్షరాలు.

అది చూశాక ఊళ్లో అనుమానం ఉన్నవాళ్లకి కూడా నమ్మకం కుదిరింది. కూర్మయ్య, యమున, దేముడమ్మ, రమేష్‌బాబు ఒక ఆటో ఎక్కారు. అదే బళ్లో ఆడపిల్లల్ని చదివిస్తున్న తల్లులూ తండ్రులూ, తమ పిల్లల్ని కూడా రాసుకున్నారేమో కనుక్కుందామని ఇంకో రెండు ఆటోల్లో వెనకపడ్డారు.

బడి మైదానంలో నలభైమంది పిల్లలు చెక్క తుపాకులతో వరసగా నిలబడి ఉన్నారు. వాళ్లకి ముందు, విడిగా భరణి బిగదీసుకుని నిలబడింది. తుపాకులు చూడగానే దేముడమ్మ ఆటో ఆగకముందే దూకి, మైదానానికి అడ్డంగా పరిగెత్తి మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"రాయే, ఇంటికి పోదాం!"

భరణి కదల్లేదు. ఆవిడ లాగింది. భరణి కళ్లు కూడా కదల్లేదు.

"ఓలమ్మో, పిల్లకి ఏటో పెట్టీసేరు! కొయ్యబొమ్మైపోనాది!"

"విశ్రామ్!" అని గట్టిగా వినిపించింది. ఎన్‌సీసీ చూసే ఝాన్సీలక్ష్మి మేడం వస్తూనే ఇచ్చిన ఆర్డరది. పిల్లలంతా కాళ్లు ఎడం చేసి నిలబడ్డారు. దేముడమ్మ నేలమీద చతికిలబడింది. "ఇస్రాంతి తీసుకోమన్నావు గనక కూకున్నాను. గుంటని మాత్రం ఇవ్వను."

మేడం నవ్వాపుకుని, కాగితం చదివి వినిపించింది. కేంపు విజయనగరం దగ్గరే. ఆడపిల్లల బస వేరు, కూడా ఇద్దరు టీచరమ్మలుంటారు. కాల్చేది గురి నేర్పడానికి కట్టిన అట్టల్ని, అదీ పక్కన సైనికులు నిలబడి నేర్పుతుంటేనే. ఎన్‌సీసీలో చేరినంత మాత్రాన ఎవరినీ సైన్యానికి పంపరు. పెద్దయ్యాక వెళతానంటే అది పిల్ల ఇష్టం.

"చదవకుండా పెట్టడం మీ తప్పు. చెప్పకుండా పెట్టించుకోవడం దీని తప్పు. తెలుగులో రాసి పంపకపోవడం నా తప్పు," అంది మేడం. "ఇంతాచేసి అసలైన గడి ఖాళీగా వదిలేశారు. పిల్లకి జబ్బులేమైనా ఉన్నాయా, ఏదైనా పడదా అని అడిగాం. మాకు ముందు కావలసింది అదే."

"జబ్బులేటీ లేవు. వంకాయ తింటే దద్దుర్లొస్తాయి," అంది యమున. మేడం అక్కడికక్కడే రాసుకుంది.

కూర్మయ్య కూతురి దగ్గరికెళ్లాడు. "నాకెందుకు సెప్పలేదమ్మా?"

భరణి తల దించుకుంది. "సెప్తే ఒద్దంతావని. కబడ్డీకి ఒద్దన్నావు గదా. ఇదీ పోతాదని బయమేసింది నాన్నా."

మేడం కూర్మయ్య మొహం చూసి, "భరణీ, నడిపించు" అంది. భరణి వెనక్కి తిరిగి, ఊపిరి పీల్చుకుని, ఇంట్లో ఏనాడూ ఎవరూ వినని గొంతుతో "సావధాన్!" అంది. ఎనభై కాళ్లు ఒక్క దెబ్బలో దగ్గరకొచ్చాయి. "దాయే ముడ్!" నలభైమందీ కుడికి తిరిగారు. వాళ్లతోపాటు రమేష్‌బాబు కూడా తిరిగాడు.

"నేను పిలిస్తే నా ఎద్దులే తిరగవే," అన్నాడు కూర్మయ్య నెమ్మదిగా. కళ్లు తుడుచుకుని, "ఎల్లమ్మా. ఈసారి నేనే పంపుతున్నాను" అన్నాడు.

వెనక ఆటోల్లో దిగినవాళ్లు అప్పటిదాకా గోడవారగా నిలబడి చూస్తున్నారు. వాళ్లలోంచి గురమ్మ ముందుకొచ్చింది. "మేడం గారూ, ఈ రోజు బడి మానేసిన మా గుంట అరుణశ్రీ, ఫ్లెక్సీలో దీని బొమ్మ సూసినకాడ్నుంచీ ఏడుస్తన్నాది, తనకి కూడా కావాలంట. కాగితముంటే ఒకటివ్వండి. సదివే పెడతాం."

కేంపుకి ఆడపిల్లల్ని పంపమని ఝాన్సీలక్ష్మి మేడం నెల రోజులు ఇల్లిల్లూ తిరిగితే ఆరుగురు దొరికారు. ఆ పూట మైదానంలో నిలబడే పదకొండు మంది దొరికారు. సరిహద్దు మాట చెరిపి కొత్త ఫ్లెక్సీ కడతానని రమేష్‌బాబు మాటిచ్చాడు. దేముడమ్మ మాత్రం ట్యాంకు ఉంచమంది.

పది రోజుల తర్వాత భరణి నల్లబడి, నవ్వుకుంటూ ఇల్లు చేరింది. కేంపువాళ్లిచ్చిన ఆరోగ్య పత్రాన్ని కూర్మయ్య మొదటి అక్షరం నుంచి చివరిదాకా కూతురి చేత చదివించుకున్నాడు. కేంపు తిండికి పిల్ల కిలోన్నర బరువు పెరిగిందని అందులో ఉంది. తన చేతివంటకి రాని ఒళ్లు కేంపు కూటికి వచ్చినందుకు యమున రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.