తాంబూలంలో హూణ రాజు

శనివారం పొద్దున వీరాంజనేయులు ప్లాను చిన్నదే. ఇడ్లీ తినాలి, ఉపన్యాసం ఇంకోసారి చదువుకోవాలి, నాలుగింటికి అమెరికాలో తామున్న ఊరు మోరిస్‌విల్ నాణేల క్లబ్బులో హూణుల వెండి నాణెం గురించి మాట్లాడాలి. నాణెం అతనిది కాదు, క్లబ్బు పెద్ద హోవర్డ్‌ది. రెండేళ్లు వెంట తిరిగితే ముసలాయన మొన్ననే నమ్మి చేతిలో పెట్టాడు. ఆ నమ్మకం పోతే మళ్లీ ఆ గుమ్మం తొక్కలేడు.

దేవుడి అరకన్నా భద్రమైన చోటు ఏముంటుందని, అక్కడ కనబడ్డ ఖాళీ ఎర్ర సంచీలో దాన్ని దాచాడు మహానుభావుడు. ఇప్పుడు విప్పితే లోపల లక్ష్మీదేవి, రెండు ఏనుగులు.

"గిరిజా! నా హూణుడేడీ?"

"హూణుడెవరండీ?" అంది భార్య వంటింట్లోంచి.

నిన్న పొద్దున ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. అచ్చం అలాంటి ఎర్ర సంచులే ఇరవై, ఒక్కోదాంట్లో ఒక లక్ష్మీ కాసు, తాంబూలాల్లో పెట్టి పంచేసిందావిడ.

"అందరికీ ఫోన్ చేసి వెనక్కి ఇమ్మను!"

"ఇచ్చిన తాంబూలం వెనక్కి అడుగుతారా ఎవరైనా? నా పరువేం కావాలి?"

ఇక అడక్కుండా అడగాలి. "ఊరికే చేశానమ్మా, కాయిన్‌లో అమ్మవారు క్లియర్‌గా పడ్డారా?" అని మొదలుపెట్టింది గిరిజ. ఏడిళ్లలో అమ్మవారు క్లియర్‌గానే ఉంది. ఎనిమిదో ఫోన్ స్పందనకి.

"నాదే డిఫరెంట్ అక్కా. తల సొరకాయంత పొడుగు, చెవికి పోగు, పక్కన ఏదో ముద్ర. ఏ అమ్మవారో గూగుల్ చేసినా దొరకలేదు. వెనకాల ఇద్దరు నిలబడి హోమం చేస్తున్నారు కదా, పవర్‌ఫుల్ అనుకుని బొట్టు పెట్టా."

స్పీకర్‌లో వింటున్న వీరాంజనేయులు "బొట్టా!" అని గొణిగాడు. ఆ నాణేన్ని ఉత్త చేత్తో ముట్టుకోవడమే నేరం.

"ఇంట్లోనే ఉందా అమ్మా?" అంది గిరిజ.

"ఏమనుకోకక్కా... నిన్న మధ్యాహ్నం మా వ్రతంలో ఒక గిఫ్ట్ షార్ట్ వచ్చింది. మనీషాకి ఇచ్చేశా."

మనీషా ఇంకా ఘనురాలు. "సాయంత్రం మా ఇంట్లోనూ ఒకటి తగ్గిందక్కా. కొంచెం పసుపు రాసి, లాస్ట్‌లో వచ్చినవాళ్లకి అదే ఇచ్చేశా."

"లాస్ట్‌లో ఎవరొచ్చారే?"

"మీరే కదక్కా!"

గిరిజ నాలుక కరుచుకుంది. వచ్చిన గిఫ్టులు విప్పైనా చూడకుండా ఇంకొకరికి ఇవ్వడానికి దాచే సొరుగు ఒకటుంది, మెల్లగా దాన్ని లాగింది. జాకెట్టు ముక్కల కింద ఎర్ర సంచీ, అందులో పసుపు కుంకుమలతో కళకళలాడుతూ రాజుగారు.

"చింతపండుతో రుద్దితే నిమిషంలో పోతుందండీ."

"నీ ఫోన్లతోనే మూడున్నరైంది, టైమ్ లేదు తల్లీ!" అంటూ కారెక్కాడు వీరాంజనేయులు.

క్లబ్బులో నాణెం హోవర్డ్ ముందు పెట్టి జరిగిందంతా చెప్పేశాడు. హోవర్డ్ భూతద్దం పెట్టి చాలాసేపు చూసి ఒక్కటే ప్రశ్న వేశాడు.

"కడిగావా?"

"లేదండీ."

"బతికించావు! పాత నాణేన్ని కడిగితే చంపినట్టే." ముసలాయన మొహం విప్పారింది. "అయినా హూణులు చేసిందేమిటి? పారశీక రాజుల నాణెం అచ్చు పట్టుకుని, పక్కన తమ తెగ ముద్ర కొట్టి, తమదేనంటూ చలామణీ చేశారు. మీ ఆడవాళ్లూ వాళ్ల ముద్ర వేసి పంపారు, అంతే. ఇంతకీ ఈ ఎర్ర చుక్కకి అర్థమేమిటి?"

ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. గంటసేపు బొట్టు గురించీ తాంబూలం గురించీ అడుగుతూనే ఉన్నారు. వీరాంజనేయులు ప్రాణం హాయిగా కుదుటపడింది.

హూణ రాజు మాత్రం హోవర్డ్ పెట్టెలో నేటికీ ముత్తైదువుగానే ఉన్నాడు.