మంత్రిగారి వ్యాయామ మార్కులు

దేశంలో ప్రతి ఇంటినీ వ్యాయామశాలగా మార్చి తీరుతానని ఆరోగ్య మంత్రిగారు కూర్చుని ప్రకటించారు. నిలబడే ప్రకటించాలనుకున్నారు గానీ మోకాళ్ళు సహకరించలేదు. ఇకమీదట జనం పార్కులకూ జిమ్ములకూ పోనక్కర్లేదు. ప్రభుత్వం సగం ధరకు ఒక వీడియో గేమ్ పెట్టె ఇస్తుంది. దాన్ని టీవీకి తగిలించి, తొడకొక పట్టీ, మణికట్టుకొక పట్టీ కట్టుకుని, తెర మీది బొమ్మ ఎలా గెంతమంటే అలా గెంతాలి. మంత్రిగారు స్వయంగా నూరు రోజులపాటు రోజుకు అరగంట గెంతుతారు. ఏ రోజు స్కోరు ఆ రోజే శాఖ వెబ్‌సైటులో పెడతారు. పిల్లల ఆటవస్తువుతో పెద్దల రోగాలు కుదర్చవచ్చని ఇంతకుముందు ఏ మంత్రికీ తట్టలేదు. ఈయనకు మనవడి చేతిలోంచి దాన్ని లాక్కుంటున్నప్పుడు తట్టింది.

పెట్టె మోసుకొచ్చిందీ, వైర్లు తగిలించిందీ, మంత్రిగారి తొడకు పట్టీ కట్టిందీ పేషీ అటెండరు. ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు అయింది, ఇంకా రెండేళ్ళు ఉంది. ఆ రెండేళ్ళూ దక్కుతాయో లేదో తెలియదు. యాభై అయిదు దాటిన ఉద్యోగులందరికీ ఆర్నెల్లలో దేహదారుఢ్య పరీక్ష పెట్టి, తప్పినవాళ్ళను ఇంటికి పంపాలని మంత్రిగారు అంతకు వారం ముందే ఉత్తర్వు ఇచ్చారు. అటెండరుకు పొట్ట ఉంది, షుగరు ఉంది, రెండు మెట్లెక్కితే ఆయాసం ఉంది. మంత్రిగారి గుమ్మం పక్కన తన స్టూలంటే అతనికి ప్రాణం. దాన్ని వదిలి ఇంట్లో కూర్చోవడం అతని ఊహకే అందదు.

విలేకరుల ఎదుట మంత్రిగారు నాలుగు నిమిషాలు గెంతారు. అందులో మూడు నిమిషాలు సోఫా పట్టుకుని గెంతారు. యంత్రం కాసేపు ఆలోచించి తెర నిండా ఒక అంకె చూపించింది. ఎనభై ఒకటి. దాని కింద చిన్న అక్షరాల్లో 'మీ శరీర వయసు' అని ఉంది. చిన్న అక్షరాలు చదివే అలవాటు ఆ శాఖ మొత్తంలో పీఏ ఒక్కడికే ఉంది. వైరు పట్టుకుని టీవీ పక్కనే నిలబడ్డాడు గనక అటెండరు కూడా చదివాడు.

“ఎనభై ఒకటి అంటే ఏమిటండీ?” అని ఒక విలేకరి అడిగాడు.

“నూటికి ఎనభై ఒకటి,” అన్నాడు పీఏ, తడుముకోకుండా టీవీ కట్టేస్తూ.

“మొదటి రోజేనా?” అన్నారు మంత్రిగారు.

“మీ స్థాయికి అది తక్కువే సార్. యంత్రం కొత్తది, మిమ్మల్ని చూసి బెదిరినట్టుంది.”

పీఏను తప్పు పట్టలేం. మంత్రిగారికి కాగితాల మీద అరవై ఆరేళ్ళు. డెబ్బై దాటినవాళ్ళకు పదవులివ్వకూడదని వాళ్ళ పార్టీ తీర్మానం చేసుకుని ఉంది. ప్రభుభక్తి అంటే అదీ.

మర్నాడు పేపర్లన్నీ 'మంత్రికి డిస్టింక్షన్' అని రాశాయి. మంత్రిగారు మాత్రం మంచం దిగలేకపోయారు. పీఏ అటెండరును పిలిచాడు.

“ఏమయ్యా, మధ్యాహ్నాలు నీకు పనేమీ ఉండదుగా?”

“ఉండదు సార్.”

“అయితే ఆ పట్టీలు కట్టుకో. రోజూ అరగంట మంత్రిగారి వ్యాయామం నువ్వే చెయ్యాలి.”

అటెండరు ఎగిరి గంతేశాడు. పరీక్షకు ఇంతకంటే మంచి తయారీ ఎక్కడ దొరుకుతుంది? తెర మీద మంత్రిగారి మీసాలున్న బొమ్మ పచ్చటి దారిలో పరుగెత్తుతుంటే, వెనకే తనూ పరుగెత్తాడు. మొదటి రోజు డెబ్బై రెండు వచ్చింది. వారానికి అరవై ఆరు, నెలకు యాభై, ఆ పై వారం నలభై ఎనిమిది. ఇంటికి లిఫ్టు మానేసి మెట్ల మీదే ఎక్కేస్తున్నాడు.

“ఏమండీ, ప్యాంటు జారిపోతోంది. ఆఫీసులో ఏం చేయిస్తున్నారు మీచేత?” అని భార్య అడిగింది.

“మంత్రిగారి వ్యాయామం.”

“ఆయన వ్యాయామం చేస్తే మీరు చిక్కిపోవడమేంటండీ?”

“దాన్నే పరిపాలన అంటారు. నీకు అర్థం కాదులే.”

ఇంట్లో బాగానే ఉంది, వెబ్‌సైటులోనే గోల మొదలైంది. ఎనభై ఒకటితో మొదలైన మంత్రి నలభై ఎనిమిదికి దిగజారాడనీ, ముప్ఫై అయిదుకు పడితే ఫెయిలైనట్టేననీ, నైతిక బాధ్యత వహించి ఇప్పుడే తప్పుకోవాలనీ ప్రతిపక్ష నాయకుడు మైకుల ముందు నిలదీశాడు. మంత్రిగారు పీఏ మీద మండిపడ్డారు.

“వాడు సరిగ్గా చెయ్యడం లేదా ఏంటయ్యా?”

“మరీ సరిగ్గా చేస్తున్నాడు సార్. నేను చూసుకుంటాను.”

పీఏ గది తలుపు వేసి అటెండరును ఎదురుగా కూర్చోబెట్టాడు. అంతవరకూ అతన్ని ఆ గదిలో ఎవరూ కూర్చోమనలేదు.

“ఆ అంకె ఏంటో నీకు తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలిస్తే ఇద్దరం ఇంటికే. అది పెరగాలి.”

“అది పెరగాలంటే నేను పాడైపోవాలి కద సార్.”

“దేశం కోసం ఆమాత్రం పాడవలేవా?”

“నాకు పరీక్ష ఉంది సార్.”

“నూరు రోజులయ్యాక ఇంకా రెండున్నర నెలలుంటుంది. అప్పుడు బాగుపడుదువుగాని.”

మర్నాటి నుంచి స్టూలు పోయి మెత్తటి కుర్చీ వచ్చింది. బెల్లు మోగితే సూపరింటెండెంటే లేచి వెళ్ళేవాడు, అటెండరు కుర్చీ దిగకూడదని లిఖితపూర్వకమైన ఉత్తర్వు. గంటకోసారి నూనెలో వేగినవో, పాకంలో మునిగినవో ఒక పళ్ళెం వచ్చేది. ఆ పళ్ళేలన్నీ 'వ్యాయామ సామగ్రి' పద్దు కింద మంజూరయ్యాయి. అటెండరు మొదట్లో మొహమాటపడ్డాడు, తర్వాత అలవాటుపడ్డాడు. అంకె యాభై ఏడయింది, అరవై తొమ్మిదయింది, తొంభై దాటింది. తొంభై అయిదు దగ్గర 'వెంటనే వైద్యుణ్ణి కలవండి' అని యంత్రం చిన్న అక్షరాల్లో వేడుకుంది. మంత్రిగారు అదేమిటని అడిగితే, అభినందనలు తెలుపుతోందన్నాడు పీఏ.

నూరో రోజున నూరు కొట్టింది. శాఖ అంతా హోరెత్తింది. మంత్రిగారికి పూలదండలు వేశారు, ఆయన పేరుతో పరుగు పందెం పెట్టారు. ఆ సంబరంలో అటెండరు బూటు లేసు కట్టుకోవడానికి వంగి, మళ్ళీ లేవలేక అక్కడే కూలబడ్డాడు.

“ఆయనకు నూరొస్తే మీకు కళ్ళు తిరగడమేంటండీ,” అని భార్య ఏడ్చింది. ఈసారి పరిపాలన గురించి అతనేమీ చెప్పలేదు. నిజంగా భయం వేసింది. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు మనిషే దక్కేలా లేడు.

సెలవు పెట్టేశాడు. భార్య సగం ధర పెట్టె ఒకటి తెప్పించింది. ముందుగదిలో కుర్చీలు గోడకు చేర్చి ఇద్దరూ గెంతడం మొదలుపెట్టారు. కింది వాటావాళ్ళు చీపురు కర్రతో కప్పును పొడిస్తే, ఆ తాళానికే గెంతారు. భార్యకు ముప్ఫై తొమ్మిది వచ్చిన రోజున, యంత్రం మాట ఎత్తకుండా, తన వయసు అదేనని ఆమె వీధంతా చెప్పుకుంది. అటెండరు నలభై మూడు దగ్గర ఆగాడు. తనకది చాలు. ఏ డాక్టరు గొట్టం పెట్టి చూసినా శభాష్ అనాల్సిందే.

పరీక్ష రోజున మూడో అంతస్తుకు ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు. హాల్లో డాక్టరు లేడు. మంత్రిగారు సింహాసనం లాంటి కుర్చీలో ఉన్నారు. పక్కన టీవీ, టీవీకి పెట్టె, రెండు పట్టీలు పట్టుకుని పీఏ. గోడ మీద ఆ ఉదయమే అంటించిన ఉత్తర్వు: 'పాస్ మార్కులు డెబ్బై అయిదు.'

“డాక్టరేరి సార్?” అన్నాడు అటెండరు.

“డాక్టర్లు తలొక మాట చెప్తారు. ఇది ఒక్క అంకె చెప్తుంది,” అన్నాడు పీఏ, పట్టీ కడుతూ.

“అవి మార్కులు కావని మీకు తెలుసు కద సార్,” అన్నాడు అటెండరు పీఏ చెవిలో.

“గెజిట్‌లో మార్కులనే అచ్చయింది. ఇప్పుడవి మార్కులే.”

అటెండరు కంటే ముందు రికార్డు గది గుమాస్తా చేతికర్రతో గెంతి ఎనభై ఎనిమిది తెచ్చుకున్నాడు. గుండె జబ్బున్న సూపరింటెండెంటుకు తొంభై రెండు వచ్చింది. మంత్రిగారే లేచి చప్పట్లు కొట్టబోయి, కూర్చునే కొట్టారు.

అటెండరు వంతు వచ్చింది. తన ముప్ఫై ఒక్కేళ్ళూ ఆ పట్టీలో ఉన్నాయని తెలుసు. కుంటాడు, దగ్గాడు, ఊపిరి బిగబట్టాడు, రెండుసార్లు పడిపోయినట్టు నటించాడు. మణికట్టు మీది పట్టీ ఇవేవీ లెక్కచెయ్యలేదు. నాడి నిదానంగా, దిట్టంగా కొట్టుకుంటోంది. నలభై మూడు.

హాలంతా జాలిగా నిట్టూర్చింది.

“పాపం, పైకి చూస్తే ఏమీ తెలియదు కదయ్యా,” అన్నారు మంత్రిగారు.

“నేను బాగానే ఉన్నాను సార్.”

“ఈ స్థితిలో అందరూ అలాగే అంటారు. నన్ను చూసి నేర్చుకోవలసింది. నడిపించకండి, స్ట్రెచరు మీద దించండి.”

అక్కడికక్కడే అతన్ని ఇంటికి పంపే ఉత్తర్వు మీద సంతకమైంది. అటెండరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంత్రిగారు దాన్ని కూడా నీరసం అనుకున్నారు. లిఫ్టు ఆయన కోసం ఆపి ఉంచారు గనక మెట్ల మీద నుంచే మొయ్యాలి. మొయ్యడానికి ఆ రోజు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన ఇద్దరినీ ఎంపిక చేశారు.

రెండో అంతస్తు మలుపు దగ్గర గుమాస్తా స్ట్రెచరు కింద పెట్టి తనూ కూలబడ్డాడు. సూపరింటెండెంటు గుండె పట్టుకుని గోడకు జారబడ్డాడు. అటెండరు స్ట్రెచరు దిగాడు. సూపరింటెండెంటును వీపున వేసుకున్నాడు.

“బరువవుతున్నానా?” అన్నాడు ఆయన సన్నగా.

“లేదు సార్. మీరు మార్కులు జాగ్రత్తగా చూసుకోండి.”

ఆయన్ని కింద బల్ల మీద పడుకోబెట్టి, పైకెళ్ళి గుమాస్తాను తెచ్చాడు. మూడోసారి వెళ్ళి స్ట్రెచరు తెచ్చాడు. గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు తెరిచాడు.

“అనర్హుడు ఎవరు?”

“నేనే.”

“దింపినవాళ్ళు?”

అటెండరు బల్ల వైపు చూపించాడు. 'అనర్హుడైన ఉద్యోగిని ఇద్దరు సమర్థులైన ఉద్యోగులు క్షేమంగా కిందికి చేర్చారు' అని కాపలాదారు రాసుకుని, సమర్థుల సంతకాలు కావాలన్నాడు. గుమాస్తా ఎలాగో గీశాడు. సూపరింటెండెంటు వేళ్ళలో కలం నిలవడం లేదు గనక అటెండరే ఆయన చెయ్యి పట్టుకుని పెట్టించాడు.