హాలుకి కొత్త రూపు

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని స్టోర్‌కీపరు హాలు మధ్య నిలబడ్డాడు. మధ్య అంటే నిజంగా మధ్య కాదు. సోఫాకీ అద్దాల బీరువాకీ నడుమ మనిషి పట్టేంత సందు ఒకటి ఉంది, అందులో నిలబడ్డాడు. నీటి సరఫరా ఆఫీసులో పైపులకీ వాషర్లకీ కాపలా కాసే ఉద్యోగం అతనిది. వస్తువు లోపలికి రావడమే తప్ప బయటికి పోవడమంటే అతనికి ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. ఇల్లూ అదే పద్ధతిలో నడిపేవాడు.

ఆ హాలులో ఉన్న సామానంతా అతని వదినగారు, అంటే భార్య వాళ్ళ అక్క, దానం చేసింది. ఆవిడ కొత్త సోఫా కొన్నప్పుడు పాతది ఇక్కడికి వచ్చింది. కొత్త బీరువా కొన్నప్పుడూ అంతే. నల్లటి టేబులూ, మనిషంత గడియారమూ కూడా అలా చేరినవే. ఇవాళ చాలా కాలానికి ఆవిడా, ఆవిడ భర్తా సాయంత్రం నాలుగింటికి వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ సోఫా చెయ్యి నిమిరి, "ఇది నేనిచ్చిందేగా?" అని అడుగుతుంది. ఔనంటే, "బాగానే చూసుకుంటున్నారు" అని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు విన్న రోజు స్టోర్‌కీపరు భార్య అన్నం సరిగ్గా తినదు.

"ఈసారైనా మా అక్క కళ్ళకి మన ఇల్లు మన ఇల్లులా కనబడాలండీ" అంది ఆవిడ. బడిలో పిల్లలకి కుట్టుపని నేర్పే టీచరు ఆవిడ. కిటికీలకి తెరలు తనే కుడతానంది. ముస్తాబు కోసం దాచుకున్న డబ్బులో సగం స్టవ్ మరమ్మతు మింగేసింది. మిగిలిన దాంతో ఒక్క గోడకి రంగు వేయొచ్చు, అదీ మనిషిని పెట్టకపోతే.

"రంగులవాణ్ణి పిలిస్తే గంటలో అయిపోయేదిగా?" అంది భార్య.

"గోడ అద్దెకిచ్చిన ఇంటావిడది, చెయ్యి నాది. మధ్యలో వాడెందుకు?" అన్నాడు స్టోర్‌కీపరు. చీటీ ఊడిపోయిన రంగు డబ్బా ఒకటి దుకాణంలో చవగ్గా దొరికింది. మూత తీస్తే గాని లోపల ఏ రంగుందో దుకాణదారుకే తెలియదు. తీసి చూస్తే ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. రెండింటికీ పడక మధ్యలో వచ్చిన పేచీలా ఉంది.

"ఎండితే బాగుంటుందిలే" అన్నాడు.

రంగు వేయాలంటే గోడ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాలంటే సామాను జరగాలి. జరగడానికి హాలులో చోటు లేదు. అందుకని అన్నింటినీ కాసేపు కింద గేటు పక్కన పెట్టాలని తేల్చారు. మిగతావన్నీ ఎలాగో దిగాయి. సోఫా మాత్రం మెట్ల మలుపులో అడ్డం తిరిగింది. పైన భార్య, కింద భర్త, నడుమ సోఫా.

"మీ వైపు ఎత్తండి!"

"ఎత్తే ఉంచాను! నువ్వు దించు!"

"దించితే నా కాలి మీద పడుతుంది!"

"పోనీ నా కాలి మీద పడనీ, ముందు కదలనీ!"

సోఫా అతని మాటే విని, అతని కాలి మీదుగానే కిందికి దిగింది.

కింది వాటాలో ఉండే ఇంటావిడ కిటికీలోంచి ఇదంతా చూసింది. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. బీరువా, సోఫా, గడియారం వరసగా గేటు దగ్గరికి చేరడం చూసేసరికి ఆవిడ మొహం జేవురించింది. 'చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తున్నారన్నమాట!' అనుకుంది. ఎదురెళ్ళి అడగడం తనకి చిన్నతనం. ఆ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చాన్నాళ్ళుగా వెంటపడుతున్న క్యాషియరు ఒకాయన ఉన్నాడు. ఆయనకి ఫోను చేసి, "రండి, పై వాటా ఖాళీ అయిపోతోంది, చూసుకోండి" అంది. పనిలో పనిగా గేటు ముందు బండి ఆపిన పాత సామాన్లవాడితో, "ఖాళీ చేసి పోతున్నారు. ఇస్తారేమో పైన అడుగు" అని తలుపు వేసుకుంది.

పైన స్టోర్‌కీపరు ముక్కుకీ నోటికీ రుమాలు కట్టుకుని స్టూలెక్కి గోడతో కుస్తీ పడుతున్నాడు. గోడ నిండా పాత మేకులు. భార్య కటింగ్ ప్లేరు పట్టుకుని ఒక్కొక్కటీ పీకుతోంది. సరిగ్గా అప్పుడే కిటికీ కింద నిలబడి పాత సామాన్లవాడు గొంతెత్తి అరిచాడు.

"అయ్యగారూ! ఇవన్నీ తీసేసుకోమంటారా?"

స్టోర్‌కీపరు చెవుల మీద కూడా రుమాలు ఉంది, భార్య చెవుల నిండా మేకుల కీచుమోత. అతనికి వినబడింది భార్య ప్రశ్న ఒక్కటే.

"ఏమండీ, పై వరస మేకులు ఉంచనా, తీసెయ్యనా?"

"తీసెయ్!" అని అతను గట్టిగా అన్నాడు. "అన్నీ తీసెయ్! ఒక్కటి కూడా ఉంచకు! ఇన్నాళ్ళూ వాటితో చచ్చాం!"

కింద బండివాడు ఇంత మంచి మనసున్న మనిషిని జన్మలో చూడలేదు. మనసు మారేలోపే ఎదురు దుకాణంలోంచి ఇద్దర్ని కేకేసి, సామానంతా బండెక్కించి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ పైకి తిరిగి దణ్ణం పెట్టాడు. అది చూసినవాళ్ళు లేరు.

సగం గోడ అయ్యేసరికి తెరిచి ఉన్న తలుపులోంచి ముగ్గురు మనుషులు చనువుగా లోపలికి వచ్చారు. క్యాషియరు, ఆయన భార్య, ఆయన తల్లి. స్టోర్‌కీపరు వాళ్ళని చూసి, వదినగారి అత్తింటివాళ్ళై ఉంటారనుకున్నాడు. ఆవిడ ఎప్పుడూ ఒంటరిగా రాదు, వెనక ఎవరో ఒకరు ఉంటారు. అతను స్టూలు మీదనే వంగి నమస్కారం పెట్టాడు. లోపల్నించి తెరలు పట్టుకుని వచ్చిన భార్య వాళ్ళని చూసి, ఎప్పుడో ఒకసారి ఇంటికి వస్తానంటున్నారని భర్త చెప్పే ఆఫీసరుగారు వీరే కాబోలనుకుని గబగబా కాఫీ పెట్టడానికి పరుగెత్తింది.

క్యాషియరు హాలంతా అడుగులతో కొలిచి గోడ ముందు ఆగాడు.

"ఏం బాబూ, ఈ రంగు ఎవరు వేయమన్నారు?"

"నేనే అనుకున్నానండీ. ఎండితే బాగుంటుంది."

"ఎండినా ఇలాగే ఏడుస్తుంది. మిగతా గోడలకి మాత్రం తెలుపు వెయ్యి."

వదినగారి తరఫు మనిషితో పేచీ ఎందుకని స్టోర్‌కీపరు, "మీరెలా అంటే అలాగేనండీ" అన్నాడు. మనసులో మాత్రం, తెలుపుకి డబ్బులు వీళ్ళే ఇస్తారేమోనన్న చిన్న ఆశ మెదిలింది.

ముసలావిడ వంటింట్లోకి నడిచి, అల్మారా తలుపులు తీసి, మూసి, గట్టు మీద చెయ్యి వేసి చూసింది. స్టోర్‌కీపరు భార్య చక్కెర డబ్బా పట్టుకుని పక్కకి ఒదిగింది. ఆఫీసరుగారి తల్లి వంటిల్లు సోదా చేస్తే ఏమంటాం?

"గట్టు కొంచెం పొట్టి. సర్దుకుంటాంలే" అంది ముసలావిడ. తర్వాత ఆప్యాయంగా, "మీరెప్పుడు బయల్దేరుతారమ్మా?" అంది.

"ఎక్కడికండీ?"

"ఎక్కడికైనా సరే తల్లీ. మాకేం తొందర లేదు. వచ్చే నెల మొదట్లో వెళ్ళినా చాలు."

భార్య చక్కెర డబ్బా గట్టు మీద పెట్టేసింది. హాలులోంచి క్యాషియరు భార్య గొంతు వినిపిస్తోంది: "మన మంచం ఈ మూల. ఆ స్టూలు మనిషిని కాస్త పక్కకి తప్పుకోమనండి, ఇక్కడ ఫ్రిజ్ పడుతుందో లేదో చూద్దాం."

భార్య భర్తని చెయ్యి పట్టుకుని వంటింటి వెనక వసారాలోకి లాక్కుపోయింది.

"ఏమండీ, మీ ఆఫీసరుకి మన ఇంట్లో మంచం ఎందుకు?"

"మా ఆఫీసరా? మీ అక్కగారి అత్తింటివాళ్ళు కదూ?"

"మా అక్క అత్తింటివాళ్ళని నేనెరగనా?"

"మరి వీళ్ళెవరే?"

ఇద్దరూ వంటింట్లోకి తొంగి చూశారు. అప్పటికి ముసలావిడ కాఫీ తనే వడపోసుకుంది.

అదే సమయానికి ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. "ఇన్నేళ్ళు ఉన్నారు, ఒక్క మాట చెప్పి వెళ్ళకూడదా? నేనేమైనా పట్టుకుని కట్టేస్తానా?" అని మొదలుపెట్టింది.

"ఎవరు వెళ్తున్నారండీ?" అన్నాడు స్టోర్‌కీపరు.

"మీరే!"

"మేమా? గోడకి రంగేసుకుంటున్నాం!"

తర్వాత కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. క్యాషియరు తాను 'బాబూ' అన్న మనిషి రంగులవాడు కాదని తెలిసి నొచ్చుకున్నాడు. ముసలావిడ మాత్రం, "అయితే ఎప్పటికి ఖాళీ చేస్తారు?" అని ఇంకోసారి అడిగి చూసింది. చివరికి వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. స్టోర్‌కీపరు చెమట తుడుచుకుని, "గండం గడిచింది. సామాను పైకి తెచ్చుకుందాం పద" అన్నాడు.

"ఏ సామాను?" అంది ఇంటావిడ. "పాత సామాన్లవాడు ఎప్పుడో తీసుకుపోయాడుగా. ఒక్కటి కూడా ఉంచకు అని పైనుంచి అరిచింది మీరేగా? వీధి వీధంతా విన్నది."

స్టోర్‌కీపరు ఉన్నపళంగా, ఒంటినిండా రంగుతో, రుమాలు మెడలోకి జారగా పరుగందుకున్నాడు. వీధి చివర పాత సామాన్ల కొట్టు చేరేసరికి సోఫాని కలప కింద విప్పేస్తున్నారు. బీరువా ఎవరో మందుల షాపువాళ్ళకి అమ్ముడైపోయింది. గడియారం గంట కొడుతూ ఇంకో బండి మీద వెళ్ళిపోతోంది. "మీరు దేవుడండీ, ఇంకేమైనా ఉంటే కబురు చెయ్యండి" అన్నాడు బండివాడు. దేవుడయ్యాక ఇచ్చింది తిరిగి ఇచ్చెయ్యమని ఎలా అడుగుతాడు? స్టోర్‌కీపరు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చాడు.

భార్య ఖాళీ హాలులో స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్క గుమ్మంలో కాలు పెట్టగానే అడుగుతుంది, నా సోఫా ఏదని. ఏం చెప్పమంటారు?"

"ఒంట్లో బాగాలేదని పడుకుందాం."

"దేని మీద పడుకుంటారు?"

నిజమే. అతను మళ్ళీ కుంచె అందుకున్నాడు. ఇద్దరూ గోడ పూర్తి చేశారు. కుట్టిన తెరలు కట్టారు. నేల తుడిచి, ఉన్న ఒక్క చాపనీ పరిచి, దాని పక్కన మొక్క కుండీ పెట్టారు. చేయడానికి ఇంకేం మిగలక గుమ్మంలో నేరస్థుల్లా నిలబడ్డారు.

అక్క వచ్చింది. వెనక బావ వచ్చాడు. అక్క హాలులో అడుగుపెట్టి, అలవాటు ప్రకారం నిమరడానికి చెయ్యి చాచింది. చేతికి గాలి తగిలింది. చాచిన చెయ్యి అలాగే ఉంచి నాలుగు దిక్కులా చూసింది.

"నేనిచ్చిన సామానంతా ఏదే?"

చెల్లెలు వంగి చాప అంచు సర్దింది. "ఇచ్చేశామక్కా" అంది.

"ఎవరికి?"

"కావలసినవాళ్ళకి."

తెరలు కదిలి, కిటికీలోంచి గాలి ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డు లేకుండా వెళ్ళింది. బావ ఏ ఇంట్లోనూ పెదవి విప్పని మనిషి. ఆయన మెల్లిగా వెళ్ళి చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్ళూ చేతులూ బారుగా చాపాడు.

"అమ్మయ్య" అన్నాడు. "మనింట్లో ఇలా కాళ్ళు చాపుకోవాలంటే వీధిలోకి పోవాలి."

అక్క భర్తని చూసింది, గోడని చూసింది, మళ్ళీ భర్తని చూసింది. అప్పటికే ఆయన గుర్రు పెడుతున్నాడు.

"మరిదిగారూ, ఈ రంగేమిటి, ఇంత చల్లగా ఉంది?"

"మామూలుగా దొరకదండీ వదినగారూ" అన్నాడు స్టోర్‌కీపరు. అందులో అబద్ధమేమీ లేదు.

అక్క చాప అంచున కూర్చుంది. ఎప్పుడూ వచ్చిన అరగంటకే లేచిపోయే మనిషి చీకటి పడేదాకా కదల్లేదు. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళు ఇలాగే నేల మీద కూర్చుని గవ్వలాడుకున్న రోజులు తలుచుకుంది. వెళ్ళేటప్పుడు చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "ఉన్నదంతా తీసి ఇచ్చెయ్యడం నాకెప్పుడూ తోచలేదే. నీకున్న మనసు నాకు లేదు" అంది. ఆ రాత్రి స్టోర్‌కీపరు భార్య కడుపునిండా అన్నం తింది.

"నిజం చెప్పనా? ఆ సోఫా అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట" అంది హాలులో అటూ ఇటూ చేతులు ఊపుకుంటూ నడుస్తూ.

"నాకు ఆ గడియారం" అన్నాడు స్టోర్‌కీపరు. ఆఫీసులో పైపులు కూడా కొన్ని తగ్గిస్తే ఎలా ఉంటుందా అని అతనికి జీవితంలో మొదటిసారి అనిపించింది.

మర్నాడు పొద్దున్నే బావ ఫోను చేశాడు. గొంతులో ఎన్నడూ లేని హుషారు.

"తమ్ముడూ, మీ పుణ్యమా అని మా ఇల్లు బాగుపడింది. రాత్రి ఇంటికొచ్చిన దగ్గర్నించీ మీ వదిన ఒకటే సర్దుడు. రెండు సోఫాలు, మూడు బీరువాలు, భోజనాల బల్ల, అన్నీ ఇచ్చెయ్యాల్సిందేనంది."

"చాలా సంతోషం అన్నగారూ. ఎవరికిస్తున్నారు?"

"కావలసినవాళ్ళకే ఇవ్వాలంది. మాకు మీకంటే కావలసినవాళ్ళు ఎవరున్నారు? లారీ బయల్దేరింది."

స్టోర్‌కీపరు ఫోను పెట్టేసి, గోడకి రెండో పూత వేద్దామని కలుపుతున్న రంగు డబ్బాకి మూత బిగించేశాడు. ఇక ఆ గోడ ఎవరికీ కనబడే అవకాశం లేదు.